లోరాన్ కేంద్రాల్లో రేడియేషన్: టవర్ నుంచా, ట్రాన్స్‌మిటర్ గది నుంచా?

అమెరికా కోస్ట్ గార్డ్ తరఫున, ఓడలకు రేడియో సంకేతాలతో దారి చూపే లోరాన్ కేంద్రాల్లో డ్యూటీ చేసిన కుర్రాళ్లలో చాలామంది ఇప్పుడు డెబ్భై, ఎనభై ఏళ్ల పెద్దవాళ్లు. పందొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో వాళ్లని పసిఫిక్ మధ్యలో ఏదో దీవికో, అలాస్కా మంచులో ఓ మూలకో పంపారు. ఏడాది పాటు ఆకాశాన్నంటే టవర్ నీడలో నిద్ర, పక్క భవనంలో రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే ట్రాన్స్‌మిటర్. ఇన్నేళ్లకు ఒకరికి ప్రోస్టేట్ క్యాన్సర్ బయటపడుతుంది, ఒకరికి లుకేమియా, ఇంకొకరికి వయసుకు ముందే కంట్లో శుక్లం. ఆ రిపోర్టు చేతికొచ్చిన రోజు మనిషికి మొదట తట్టేది ఆ టవరే. దాని వల్లే వచ్చిందా?

ఈ ప్రశ్నకు రెండు జవాబులు ఎప్పుడూ సిద్ధంగా దొరుకుతాయి. "అవి మామూలు రేడియో తరంగాలు, ఏమీ కాదు" అనేది ఒకటి. "అన్ని వందల కిలోవాట్ల రేడియేషన్ మధ్య బతికితే క్యాన్సర్ రాక ఏమొస్తుంది" అనేది రెండోది. రెండూ తొందరపాటు మాటలే. టవర్ మీది అనుమానానికి భౌతిక శాస్త్రం పెద్దగా మద్దతు ఇవ్వదు. ట్రాన్స్‌మిటర్ క్యాబినెట్ (ట్రాన్స్‌మిటర్ బిగించిన ఉక్కు పెట్టె) మీది అనుమానానికి మాత్రం గట్టి ఆధారమే ఉంది. ఆ గదిలో ఎంత తగిలిందో ఆనాడు ఎవరూ కొలిచి రాసిపెట్టకపోతే, ఆ లోటు భారం ఈనాడు జబ్బుపడ్డ మనిషి మీద మోపడం అన్యాయం. నేను చెప్పదలచుకున్నది ఇదే. కానీ ఇది తేలాలంటే ముందు ఆ కేంద్రాల్లో ఏం జరిగేదో చూడాలి.

జీపీఎస్ లేని రోజుల్లో నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో తెలియాలంటే సూర్యుడూ నక్షత్రాలే దిక్కు. మబ్బు పడితే అదీ లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎం.ఐ.టి.లోని రేడియేషన్ లేబొరేటరీలో రూపుదిద్దుకున్న లోరాన్ ఆ కొరత తీర్చింది. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కేంద్రాలు కచ్చితమైన సమయానికి పల్సులు పంపుతాయి. ఓడలోని రిసీవర్ వాటి మధ్య తేడాను మైక్రోసెకన్లలో కొలుస్తుంది. ఆ తేడాను బట్టి ఓడ పటం మీద ఏ గీత వెంట ఉందో తెలుస్తుంది. ఇంకో జత కేంద్రాలతో ఇంకో గీత. రెండూ కలిసిన చోట ఓడ ఉన్నట్టు.

1957 తర్వాత వచ్చిన లోరాన్-సి ఇందులో పెద్ద అంచె. 100 కిలోహెర్ట్జ్ మీద నడిచే ఈ వ్యవస్థ పొలారిస్ అణు క్షిపణులు మోసే జలాంతర్గాములకు ముఖ్యమైన ఆధారం. అందుకే ప్రచ్ఛన్న యుద్ధకాలంలో అది ఒక్క క్షణం కూడా ఆగకూడదని పట్టుదల. ఇవో జిమా, మార్కస్ దీవి, యాప్, ఆటూ, పోర్ట్ క్లారెన్స్, గ్రీన్‌లాండ్‌లో అంగిసోక్... మనుషులు లేని చోటల్లా ఒక టవరు, దాని కింద ఇరవై, ముప్పై మంది సిబ్బంది. టవరు చాలాచోట్ల 625 అడుగులు, కొన్నిచోట్ల 1,350 అడుగులు. మన తూర్పు తీరానికీ ఇలాంటి గొలుసు ఒకటి ఉండేది. బాలాసోర్, పట్పూర్, డైమండ్ హార్బర్ కేంద్రాలతో అది ఉత్తర బంగాళాఖాతంలో తిరిగే ఓడలకు దారి చూపేది. దాన్ని నడిపింది సైన్యం కాదు, దీపస్తంభాల శాఖ. అమెరికా తన లోరాన్ సంకేతాలను 2010 ఫిబ్రవరి 8న ఆపేసింది. పోర్ట్ క్లారెన్స్ టవరును ఆ ఏప్రిల్‌లో పడగొట్టారు. పరికరాలు పోయాయి, కేంద్రాలు పాడుబడ్డాయి. అక్కడ పనిచేసిన మనుషులూ, వాళ్ల అనుమానాలూ మిగిలాయి.

టవర్ సంగతి

రేడియేషన్ అనగానే మనకు హిరోషిమా గుర్తొస్తుంది. అయితే శరీరంలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికి, డీఎన్ఏను తెంపగలిగే శక్తి అన్ని కిరణాలకూ ఉండదు. అందుకు కిరణంలోని ఒక్కో శక్తి పొట్లానికి, అంటే ఒక్కో ఫోటాన్‌కు దాదాపు 10 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఎక్స్‌రేలకు, గామా కిరణాలకు అది ఉంది. లోరాన్-సి టవరు పంపే 100 కిలోహెర్ట్జ్ తరంగంలో ఒక్కో ఫోటాన్ శక్తి దానికి రెండు వేల కోట్ల రెట్లకు పైగా తక్కువ. ట్రాన్స్‌మిటర్ పవరు ఎంత పెంచినా ఫోటాన్ల సంఖ్య పెరుగుతుందే గానీ ఒక్కోదాని బలం పెరగదు. ఉట్టి అందాలంటే ఒకడి చెయ్యి అంత ఎత్తుకు వెళ్లాలి. మూరెడు ఎత్తు పిల్లలు వందమంది పక్కపక్కన నిలబడినా ఉట్టి అందదు.

అంటే టవరు దగ్గర ఏ ప్రమాదమూ లేదని కాదు. ఆ ప్రమాదం వేరే జాతిది. అంత పెద్ద యాంటెన్నా చుట్టూ ఉన్న ఇనుప కంచె, టవరును లాగిపట్టే స్టే వైరు, క్రేను, ఆపి ఉంచిన ట్రక్కు, ఇవన్నీ విద్యుత్తును పట్టుకుంటాయి. వాటిని చేత్తో ముట్టుకుంటే షాకు కొడుతుంది, వేలి కొన చర్మం కాలుతుంది. బయటికి చిన్న తెల్ల మచ్చలా కనబడినా లోపల కండ దాకా కాలి మానడానికి వారాలు పట్టే గాయాలు ఇవి. రేడియో పనిచేసేవాళ్లందరికీ తెలిసిన సంగతి. శరీరంలో ప్రేరేపితమయ్యే కరెంటు ఎక్కువైతే నరాలు, కండరాలు ఉలిక్కిపడతాయి, కణజాలం వేడెక్కుతుంది.

ఇక్కడ ఒక వివరం దగ్గర ఆగాలి. ఇలాంటి తరంగాలకు భద్రతా పరిమితులు సూచించే అంతర్జాతీయ సంస్థ ఐ.సి.ఎన్.ఐ.ఆర్.పి. 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు 1 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ వరకు. 2020లో ఇచ్చినవి 100 కిలోహెర్ట్జ్ నుంచి 300 గిగాహెర్ట్జ్ వరకు. మొదటి దాంట్లో ముఖ్యమైన చింత నరాల ప్రేరణ, రెండో దాంట్లో ముఖ్యమైన చింత వేడి. లోరాన్-సి సరిగ్గా ఈ రెండు పత్రాల పొలిమేర మీద కూర్చుంది. దాని ప్రభావం చూడాలంటే రెండు కళ్లతోనూ చూడాలి. సెల్‌ఫోన్ల మీద చేసిన పరిశోధన తెచ్చి ఇక్కడ అతికించడం గానీ, కరెంటు తీగల మీద చేసింది తెచ్చి అతికించడం గానీ కుదరదు.

శక్తి లెక్క కూడా చూద్దాం. నాలుగు వందల కిలోవాట్లు, ఒక మెగావాట్, అంతకు మించి అని పాత సిబ్బంది చెప్పే అంకెలు నిజమే. కానీ అది పల్సు శిఖరాన ఉండే శక్తి. ఒక్కో కేంద్రం సాధారణంగా వెయ్యి మైక్రోసెకన్ల ఎడంతో ఎనిమిది పల్సులు పంపి, మళ్లీ తన వంతు వచ్చేదాకా మౌనంగా ఉంటుంది. సగటు తీస్తే శిఖర శక్తిలో ఒకటి రెండు శాతం స్థాయికి దిగుతుంది. వేడి విషయంలో లెక్కకొచ్చేది ఈ సగటే. షాకు, నరాల విషయంలో మాత్రం శిఖరమే లెక్క.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐ.ఎ.ఆర్.సి. 2011లో 30 కిలోహెర్ట్జ్ పైబడిన రేడియో తరంగాలను 2బి వర్గంలో చేర్చింది. "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చు, ఆధారాలు పరిమితం" అని దాని అర్థం. ఆ నిర్ణయం ప్రధానంగా సెల్‌ఫోన్ వాడకం మీద జరిగిన అధ్యయనాల ఆధారంగా తీసుకున్నది. లోరాన్ టవరు కింద ఏడాది ఉన్నవాడికి దాన్నుంచి సూటిగా వచ్చే జవాబు తక్కువ.

ఈ ప్రశ్న మన ఇంటి ముంగిటికీ వచ్చింది. వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం కట్టే వి.ఎల్.ఎఫ్. (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో) కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. 1990 నుంచి తిరునెల్వేలి జిల్లాలో నడుస్తున్న ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇది రెండోది. జలాంతర్గాములకు సందేశాలు పంపడం దీని పని. దారి చూపే లోరాన్ కాదు ఇది, కానీ భౌతిక శాస్త్రం ఒకటే. ఫ్రీక్వెన్సీ లోరాన్ కన్నా ఇంకా తక్కువ, 30 కిలోహెర్ట్జ్ లోపే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రేడియేషన్ గురించి భయపడటం సహజం. వాళ్లతో "అణు రేడియేషన్ లాంటిది ఇందులో లేదు" అని చెప్పడం సరైన మాటే. కానీ అక్కడితో ఆపేస్తే సగం మాటే అవుతుంది. కంచె దగ్గర క్షేత్ర బలం ఎంత, కంచెకు ఆనుకుని మేసే పశువుల కాపరికి ఇనుప తీగ ముట్టుకుంటే ఏమవుతుంది, ఆ కొలతలు ఎవరు తీస్తారు, ఎక్కడ ప్రకటిస్తారు అనేవి అడగదగ్గ ప్రశ్నలు. 2,900 ఎకరాల అడవి, మూసీ పుట్టుక సంగతి వేరే చర్చ. అది రేడియేషన్ మాటున మరుగున పడకూడనంత పెద్దది.

క్యాబినెట్ తలుపు వెనక

ఇప్పుడు అసలు చోటికి వద్దాం.

ఎక్స్‌రేలు పుట్టాలంటే రేడియోధార్మిక పదార్థమేమీ అక్కర్లేదు. గాలి తీసేసిన గొట్టంలో ఎలక్ట్రాన్లను వేల వోల్టులతో లాగి లోహం మీదికి కొడితే చాలు. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టింది ఇదే. ఆస్పత్రి ఎక్స్‌రే యంత్రంలో ఈ పని కావాలని చేస్తారు. పెద్ద రేడియో ట్రాన్స్‌మిటర్‌లోని పవర్ ట్యూబుల్లో ఇదే పని అక్కర్లేకున్నా జరుగుతుంది. ట్యూబుకు ఇచ్చిన వోల్టేజీ 20 వేలయితే, పుట్టే ఎక్స్‌రేల గరిష్ఠ శక్తి 20 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. పైన చెప్పిన 10 ఎలక్ట్రాన్ వోల్టుల గీతను ఇది రెండు వేల రెట్లు దాటింది. టవరు చివర అందని ఉట్టి ఈ క్యాబినెట్‌లో అందుతుంది.

ఇది ఊహ కాదని చెప్పే సంఘటనలు చరిత్రలో ఉన్నాయి. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ అమ్మిన కలర్ టీవీల్లో ఒక రెగ్యులేటర్ ట్యూబు నుంచి ఎక్స్‌రేలు కారుతున్నాయని తేలింది. దాదాపు 90,000 సెట్ల వ్యవహారం అది. ఆ గొడవతోనే మరుసటి ఏడాది, 1968లో, అమెరికా కాంగ్రెస్ ఇలాంటి పరికరాల రేడియేషన్‌కు చట్టం తెచ్చింది. ఇంట్లో నట్టింట పెట్టుకునే టీవీలో ఉండేది పాతిక వేల వోల్టులు. అంతకు ముందే, 1960 మార్చిలో, న్యూయార్క్ రాష్ట్రం లాక్‌పోర్ట్ వైమానికదళ రాడార్ కేంద్రంలో షీల్డింగ్ లేకుండా నడుస్తున్న క్లైస్ట్రాన్ అనే భారీ రాడార్ ట్యూబు దగ్గర పనిచేసినవాళ్లు ఎక్స్‌రే గాయాల పాలయ్యారు. అది లోరాన్ కన్నా చాలా ఎక్కువ వోల్టేజీ ఉన్న రాడార్. అయినా ఆనాటి సైన్యాలకు ఈ ప్రమాదం తెలియదని మాత్రం ఎవరూ అనలేరు.

లోరాన్-సి తొలి తరం ట్రాన్స్‌మిటర్లు, ఏ.ఎన్. ఎఫ్.పి.ఎన్-42, 44, 45, ఇలాంటి భారీ వాక్యూమ్ ట్యూబులతో నడిచినవే. తర్వాత ట్రాన్సిస్టర్ల తరహా సాలిడ్ స్టేట్ సెట్లు వచ్చి ఈ సమస్యను చాలావరకు తీసేశాయి. కాబట్టి ఒకరు ఏ కేంద్రంలో పనిచేశారన్నది ఒక్కటే చాలదు. ఏ ఏడాది, ఏ సెట్టు మీద అన్నది దానికన్నా ముఖ్యం.

తలుపు సంగతి ఇంకా ముఖ్యం. 20 వేల ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్‌రేలు మెత్తనివి. ఒక్క మిల్లీమీటరు మందం ఉక్కు రేకు వాటిని కోట్లలో ఒక వంతుకు దించేస్తుంది. ట్యూబులోని మందపాటి రాగి కూడా చాలావరకు మింగేస్తుంది. క్యాబినెట్ తలుపు మూసి ఉన్నంతసేపు బయట కూర్చున్న వాచ్ (డ్యూటీ వంతు) సిబ్బందికి చేరేది లేదనే చెప్పాలి. తలుపు తీస్తే ఆ ఉక్కు రేకు అడ్డు పోయింది. గాజు, సిరామిక్ అతుకుల దగ్గర నుంచి వచ్చేది సూటిగా ఎదుటి మనిషి మీద పడుతుంది. మెత్తని కిరణాలు కాబట్టి మాంసంలో సెంటీమీటరు లోపలికి వెళ్లేసరికే సగం ఆగిపోతాయి. ఆగిపోవడమంటే మాయమవడం కాదు, అక్కడి చర్మమూ, చేతివేళ్లూ, కంటి లెన్సూ ఆ శక్తిని తాగేశాయని అర్థం.

మరి నడుస్తున్న సెట్టు తలుపు ఎవరైనా తీస్తారా? తీయకూడదనే ఇంటర్‌లాక్ పెడతారు. తలుపు తెరిస్తే హై వోల్టేజీ దానంతటదే పోవాలి. కానీ ట్యూనింగ్ చేయాలన్నా, ఎక్కడ స్పార్కు కొడుతోందో కనిపెట్టాలన్నా సెట్టు నడుస్తుండగా లోపలికి చూడాల్సి వస్తుంది. సంకేతం ఆగితే ఆ నిమిషాలకు పైనుంచి సంజాయిషీ అడుగుతారు. అందుకని ఇంటర్‌లాక్ స్విచ్చుకు ఒక తీగ ముక్క చుట్టో, ఒక చెక్క ముక్క ఇరికించో తలుపు తెరిచి పనిచేయడం రాడార్, రేడియో మెకానిక్కుల వృత్తిలో ఎక్కడైనా వినిపించే మాట. చీకటి గదిలో ముఖం ట్యూబుకు మూరెడు దూరంలో పెట్టి, నీలిరంగు మెరుపు కోసం కళ్లు చికిలించి చూసే ఆ పావుగంట ఏ డ్యూటీ రిజిస్టర్‌లోనూ ఎక్స్‌పోజర్‌గా ఎక్కలేదు. నిబంధన ప్రకారం తలుపు మూసే ఉంది, కాగితం మీద డోసు సున్నా. జబ్బు వచ్చినప్పుడు వాదన మొదలయ్యేది ఈ సున్నా నుంచే.

ఆ గదిలోనే ఉన్న మిగతావి

రేడియేషన్ మీదే చూపు నిలిపితే పక్కన ఉన్నవి కనబడకుండా పోతాయి. ఆ కాలపు ట్రాన్స్‌ఫార్మర్లలో, కెపాసిటర్లలో నూనెగా వాడింది తరచుగా పి.సి.బి. రసాయనాలు. అమెరికాలో వాటి తయారీని నిషేధించింది 1979లో. గ్రీజు కడగడానికి ట్రైక్లోరోఎథిలీన్ లాంటి సాల్వెంట్లు. పైపుల చుట్టూ ఆస్బెస్టాస్. కరెంటు కోసం రోజంతా తిరిగే డీజిల్ జనరేటర్లు, వాటి పొగ. ఐ.ఎ.ఆర్.సి. పట్టికలో రేడియో తరంగాలది 2బి వర్గమైతే, ఈ నాలుగూ 1వ వర్గంలో ఉన్నాయి. అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైనవి. టవరుకు భయపడిన కుర్రాడు రోజూ చేతులు కడుక్కున్నది వీటితోనే కావచ్చు.

కొన్నిచోట్ల ఆ స్థలమే సమస్య. హవాయికి నైరుతి దిక్కున జాన్‌స్టన్ అటాల్ (పగడపు దీవుల వలయం) ఉంది. అక్కడి శాండ్ ఐలాండ్ మీద లోరాన్-సి కేంద్రం ఉండేది. 1962 జూలై 25న ఆ అటాల్‌లోనే బ్లూగిల్ ప్రైమ్ అణు పరీక్షకు పేల్చబోయిన క్షిపణి ప్రయోగ వేదిక మీదే ధ్వంసమై ప్లుటోనియం చెల్లాచెదురైంది. తర్వాత 1972 నుంచి 1977 దాకా వియత్నాంలో అడవుల ఆకు రాల్చడానికి చల్లగా మిగిలిన ఏజెంట్ ఆరెంజ్ విషరసాయనం పీపాలను అక్కడే నిల్వ పెట్టారు. ఉప్పుగాలికి తుప్పుపట్టి పీపాలు కారాయి. 2022 ఆగస్టు 10న అమలులోకి వచ్చిన అమెరికా పాక్ట్ చట్టం 1972 జనవరి 1 నుంచి 1977 సెప్టెంబర్ 30 వరకు జాన్‌స్టన్‌లో ఉన్న సైనికులందరికీ ఏజెంట్ ఆరెంజ్ సోకినట్టే పరిగణించమంది.

ఇది ఆచరణలో ఎంత తేడా తెస్తుందో చూడండి. ఆ కాలంలో జాన్‌స్టన్ లోరాన్ కేంద్రంలో పనిచేసి, ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చిన మనిషి "టవరు రేడియేషన్ వల్ల" అని పరిహారానికి అర్జీ పెడితే తిరస్కరణ దాదాపు ఖాయం. అదే మనిషి "జాన్‌స్టన్‌లో ఫలానా తేదీల మధ్య ఉన్నాను" అని అర్జీ పెడితే, ప్రోస్టేట్ క్యాన్సర్ ఏజెంట్ ఆరెంజ్ జాబితాలో ఉంది కాబట్టి కారణం రుజువు చేయమని ఎవరూ అడగరు. మనిషి అతనే, జబ్బు అదే, అర్జీలో వాక్యం మారింది. సరైన కారణం వెతకడం శాస్త్రం కోసమే కాదు, బతికున్నవాళ్ల వైద్యం కోసం, చనిపోయినవాళ్ల భార్యల పింఛను కోసం.

లెక్కలు ఎందుకు తేలవు

"మా కేంద్రంలో పాతికమందిమి, పదిమందికి క్యాన్సర్ వచ్చింది. ఇది యాదృచ్ఛికమా?" ఈ మాట వింటే గుండె కలుక్కుమంటుంది. కానీ అమెరికాలో మగవాళ్లలో జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ బయటపడేది దాదాపు నూటికి నలభై మందికి. ఏ రేడియేషనూ తగలని పాతికమందిని తీసుకున్నా వాళ్ల చివరి రోజులకల్లా పదిమంది తేలతారు. కాబట్టి ఆ పది అనే అంకె ఒక్కటే ఏదీ రుజువు చేయదు. ఏ రకం క్యాన్సర్, ఏ వయసులో, ఎవరికి అన్నది చూడాలి. పదిమందిలో ఎనిమిదిమంది క్యాబినెట్ తెరిచిన టెక్నీషియన్లే అయితే, వంటవాళ్లకూ క్లర్కులకూ ఏమీ రాకపోతే, అప్పుడు అది వినాల్సిన సంగతి. ఇరవై, ముప్పై మంది ఉన్న కేంద్రాల నుంచి అలాంటి లెక్క తీయడం చాలా కష్టం.

పెద్ద గుంపు మీద జరిగిన అధ్యయనం లోరాన్ మీద కాదు, రాడార్ మీద ఉంది. కొరియా యుద్ధకాలపు అమెరికా నౌకాదళంలో 40,581 మందిని నలభై ఏళ్ల పాటు వెంబడించి 2002లో ఫలితాలు ప్రకటించారు. రాడార్‌కు ఎక్కువగా గురైనవాళ్లలో మొత్తం మరణాలు గానీ మెదడు క్యాన్సర్ గానీ పెరగలేదు. అయితే విమానాల ఎలక్ట్రానిక్స్ టెక్నీషియన్లలో ఒక తరహా లుకేమియా మరణాలు రెండింతల పైచిలుకు కనబడ్డాయి. రాడార్ కిరణపు దారిలో పనిచేసే అందరిలో కాకుండా ఒక్క వృత్తిలోనే ఇది ఎందుకు తేలిందన్నది నన్ను ఆలోచనలో పడేస్తుంది. టెక్నీషియన్ అంటే పెట్టె విప్పేవాడు. ఒక్క అధ్యయనంతో ఏదీ తీర్మానించలేం. అయినా క్యాబినెట్ వైపు చూడమనే సూచన ఇందులో ఉందని నేను అనుకుంటున్నాను.

ఇంకో చిక్కు. సైన్యంలోకి ఆరోగ్యవంతులనే తీసుకుంటారు. సాధారణ జనంతో పోలిస్తే వాళ్లలో మరణాలు తక్కువగా ఉండటం మామూలే. ఏదైనా హాని కొద్దిగా జరిగినా ఆ మంచి ఆరోగ్యం దాన్ని లెక్కల్లో కప్పేస్తుంది.

రుజువు భారం ఎవరిది

అమెరికాలో అయానీకరణ రేడియేషన్ (ఎక్స్‌రేల్లా ఎలక్ట్రాన్లను ఊడబెరికేది) వల్ల జబ్బు వచ్చిందనేవాళ్లకు ప్రత్యేక నిబంధనలున్నాయి. రాడార్ మైక్రోవేవ్‌లు ఆ కోవలోకి రావని అక్కడి వెటరన్ల (మాజీ సైనికుల) అప్పీళ్ల కోర్టు 1997లో తేల్చింది. శాస్త్రం ప్రకారం ఆ తీర్పు సరైనదే. కానీ దాని నీడలో ఒక పొరపాటు జరిగే వీలుంది: మనిషి "రేడియో కేంద్రంలో చేశాను" అనగానే "అది మీ కోవ కాదు" అని దస్త్రం మూసేయడం. ట్యూబు నుంచి వచ్చిన ఎక్స్‌రే నూటికి నూరుపాళ్లు ఆ కోవలోదే. అయితే దానికి డోసు రికార్డు అడుగుతారు. అమెరికా సైన్యంలో అలాంటి రికార్డు డి.డి. 1141 అనే ఫారంలో ఉంటుంది. తగిలిన రేడియేషన్‌ను నమోదు చేసే ఫిల్మ్ బ్యాడ్జీ ఇవ్వని మనిషికి ఆ ఫారం ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదే ఇబ్బంది జర్మనీకీ వచ్చింది. అక్కడి సైన్యంలో రాడార్ మెకానిక్కులు తెరిచిన క్యాబినెట్ల దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి క్యాన్సర్ల బారినపడ్డారు. పార్లమెంటు చొరవతో వేసిన నిపుణుల సంఘం 2003 జూలైలో నివేదిక ఇచ్చింది. 1975కు ముందు కాలానికి నమ్మదగిన కొలతలు లేవని, ఇప్పుడు వాటిని మళ్లీ పుట్టించడం సాధ్యం కాదని అది ఒప్పుకుంది. అందుకని, ఆనాటి టెక్నీషియన్లు, ఆపరేటర్ల విషయంలో ఎంత డోసు తగిలిందో రుజువు చేయమనకుండా క్యాన్సర్లనూ, కంటి శుక్లాలనూ సర్వీసు జబ్బుగా గుర్తించాలని సిఫారసు చేసింది. ఆ తర్వాత కూడా చాలా దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయి, కోర్టు పోరాటాలు సాగాయి. అయినా ఆ నివేదికలోని నిజాయితీని నేను గౌరవిస్తాను. కొలవాల్సినవాడు కొలవలేదు కాబట్టి అనుమానపు లాభం జబ్బుపడ్డవాడికి పోవాలన్న సూత్రాన్ని శాస్త్రవేత్తలే రాసి సంతకం పెట్టారు.

మన దేశంలోనూ ఇలాంటి సూత్రం ఉంది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక సంగతి స్పష్టం చేసింది. చేరేటప్పుడు వైద్య పరీక్షలో నమోదు కాని జబ్బు సర్వీసులో ఉండగా బయటపడితే, అది సర్వీసు వల్లే అన్న భావన సైనికుడి పక్షాన ఉంటుంది. కాదని చూపించే బాధ్యత యాజమాన్యానిది. కానీ ఎక్స్‌రే వల్ల వచ్చే క్యాన్సర్ బయటపడటానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. అప్పటికి మనిషి రిటైరై ఊళ్లో ఉంటాడు. పాత రాడార్ సెట్ల మీద పనిచేసి ఇప్పుడు విశాఖలోనో, సికింద్రాబాద్‌లోనో ఉంటున్న మాజీ మెకానిక్కులకు ఈ తీర్పు రక్షణ సగమే అందుతుంది.

అమెరికాలో అర్జీ నెగ్గడానికి "కనీసం సగానికి సగం అవకాశం ఉంది" అన్న డాక్టరు అభిప్రాయం చాలు. ఇరువైపులా ఆధారాలు సరిసమానమైతే సైనికుడి పక్షమే తీసుకోవాలని చట్టం. ఆ సగం దాకా తీసుకెళ్లేది వివరమే. సెట్టు మోడల్ నంబరు, పనిచేసిన నెలలు, వారానికి ఎన్నిసార్లు తలుపు తెరిచేవాళ్లు, ఇంటర్‌లాక్ ఎలా తప్పించేవాళ్లు, నూనె కారితే ఎవరు తుడిచేవాళ్లు, దేనితో తుడిచేవాళ్లు. బ్యాడ్జీ ఇవ్వలేదన్న మాట కూడా రాయాలి, ఎందుకంటే అదీ ఆధారమే. ఇవి ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ లేవు. అదే వాచ్‌లో పక్కన నిలబడ్డ తోటివాడి సాక్ష్యపత్రాన్ని వెటరన్ల శాఖ ఆధారంగా తీసుకుంటుంది. డెబ్భై ఐదేళ్ల వయసులో ఆ తోటివాడిని వెతికి ఫోన్ చేయడం, రెండు పేజీలు రాయించి సంతకం తీసుకోవడం ఈ ఏడాదే చేయాల్సిన పని.